రాయమని చెప్పేవారు ఆపడం కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లోనూ, ఫోన్లలో తిరిగే చిన్న వీడియోల్లోనూ ఈ మధ్య ఒక సలహా తరచుగా వినబడుతోంది: 'మీ లోపల ఇంకా ఒక పసివాడు ఏడుస్తున్నాడు, వాడికి రోజూ ఉత్తరం రాయండి, గాయం మానుతుంది' అని. సలహా మంచిదే. రాస్తే మనసు కుదుటపడుతుందన్న మాటకు ఆధారమూ ఉంది. కానీ ఎంతసేపు రాయాలి, ఎన్నాళ్లు రాయాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఎవరూ చెప్పడం లేదు. మోతాదు రాయకుండా మందుచీటీ ఇస్తే ఒప్పుకోం కదా. గుంటూరులో ఒకరం, విజయవాడలో ఒకరం కౌన్సెలింగ్ పనిలో ఉన్నాం. ఈ ఉత్తరం ఆ మోతాదు గురించి.

ముందుగా 'ఇన్నర్ చైల్డ్', అంటే లోపలి పిల్ల, అన్న మాట. ఇది జబ్బు పేరు కాదు, ఏ స్కానింగులోనూ కనబడేది కాదు. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ రాతల్లో ఈ ఊహ ఉంది. ఎరిక్ బెర్న్ అనే మానసిక వైద్యుడు మనిషిలో తల్లిదండ్రి, పెద్ద, పిల్ల అని మూడు స్థితులు ఉంటాయని చెప్పారు. మన మాటల్లో చెప్పాలంటే, చిన్నప్పుడు దెబ్బ తగిలిన చోట ఇప్పుడు ఎవరి వేలు తగిలినా, ఆ వయసు పిల్లలాగే ఉలిక్కిపడతాం. నలభై ఏళ్ల మనిషి ఒక్క మాటకు ఎనిమిదేళ్ల వాడైపోతాడు. కాగితం మీద చేయాల్సిన పని ఆ ఎనిమిదేళ్ల వాడిని గుర్తుపట్టడం, నలభై ఏళ్ల వాడి చేత జవాబు చెప్పించడం.

మోతాదు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాం. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే పరిశోధకులు 46 మంది కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. రోజుకు 15 నిమిషాలు, వరుసగా 4 రోజులు, అంతే. కొందరు మామూలు విషయాలు రాశారు, మిగతావాళ్లు తమ బతుకులోని పెద్ద బాధ గురించి రాశారు. జరిగినదీ, దానితోపాటు పడిన బాధా రెండూ కలిపి రాసినవారు ఆ నాలుగు రోజులూ మరింత దిగులు పడ్డారు. తర్వాతి నెలల్లో మాత్రం ఆరోగ్య కేంద్రానికి వాళ్లు వెళ్లడం తగ్గింది. రాసినవారికి మొదట మనసులో బరువు పెరుగుతుందన్నది, నాలుగు రోజులకే ఆపేశారన్నది ఇందులో మనవాళ్లు వదిలేస్తున్న రెండు ముక్కలు.

సామాను పెద్దగా అక్కర్లేదు. అట్టమీద పూలున్న ఖరీదైన డైరీ కొనకండి. అందులో చక్కగా రాయాలనిపిస్తుంది, చక్కగా రాయాలనుకున్న క్షణం నిజం రాయడం ఆగిపోతుంది. విడి తెల్ల కాగితాలు, సులువుగా సాగే బాల్‌పెన్ చాలు. చింపడానికి వీలుగా ఉండటం ముఖ్యం. ఫోన్లో రాస్తే మధ్యలో మెసేజీలు వస్తాయి, ఇంట్లో ఇంకొకరి చేతిలో పడుతుందన్న భయమూ ఉంటుంది. పడుకోబోయే ముందు రాయకండి, నిద్రకూ రాతకూ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. పాదాలు నేలకు ఆనేలా కూర్చుని, 15 నిమిషాలకు అలారం పెట్టండి. అక్షరదోషాలు, అరసున్నలు చూడకండి. ఏమీ తోచకపోతే చివరి వాక్యమే మళ్లీ రాయండి, రెండు మూడు సార్లలో కొత్తది వస్తుంది.

కలం పట్టేముందు కలతకు సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసుకోండి. ఏడు దాటితే ఆ పూట రాయకండి. అంత మంటలో రాస్తే తిట్లు తప్ప ఏమీ రావు. చల్లటి నీళ్లతో ముఖం కడుక్కుని, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. అలా అయిదు నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె దడ నెమ్మదిస్తుంది. అంకె అయిదుకు దిగాక కూర్చోండి. ముగించాక మళ్లీ అంకె వేయండి. ఒకటి రెండు పెరిగితే కంగారు పడొద్దు, సాధారణంగా గంటా రెండు గంటల్లో దిగుతుంది. మర్నాటి ఉదయానికీ దిగకపోతే, లేదా నిద్ర చెడితే, ఎంచుకున్న విషయం పెద్దదైందని అర్థం.

మొదటి వారం చిన్ననాటి జోలికే వెళ్లొద్దు. రోజూ కలత కలిగించిన ఒక్క సంఘటనను అయిదు వాక్యాల్లో రాయండి: కెమెరా చూసినట్టు ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, ఆ బాధ పేరేమిటి, ఆ క్షణంలో ఎన్నేళ్ల వయసు అనిపించింది, ఏం చేశాను. ఇలా వస్తుంది: 'ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ మేనేజరు రిపోర్టు ఎక్కడ అన్నాడు. గొంతు ఎండింది, చెవులు వేడెక్కాయి. కోపం అనుకున్నా గానీ, సిగ్గు. ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ ఎనిమిదేళ్లు. ఫోను బోర్లా పెట్టేసి గంట సేపు జవాబివ్వలేదు.' వారం తిరిగేసరికి ఒకే వయసు, ఒకే గుమ్మం రెండు మూడు సార్లు కనబడితే, రాయాల్సింది దాని గురించే.

ఈ అయిదింటిలో మూడోది, బాధకు పేరు పెట్టడం, మనవాళ్లకు కష్టంగా ఉంది. కౌన్సెలింగుకు వచ్చేవారిలో ఎక్కువమంది 'టెన్షన్', 'డిప్రెషన్', 'మూడ్ బాలేదు' అన్న మూడు మాటలతో సరిపెడతారు. తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. ఉక్రోషం వేరు, కోపం వేరు. ఉక్రోషంలో నిస్సహాయత కలిసి ఉంటుంది. బెంగ వేరు, దిగులు వేరు. బెంగ ఒక మనిషి కోసమో ఇంటి కోసమో పడేది, దిగులుకు అలాంటి చిరునామా ఉండకపోవచ్చు. చిన్నబోవడం, నొచ్చుకోవడం, చివుక్కుమనడం, గుబులు, అలక, కినుక, ఉడుకుమోతుతనం: ప్రతిదానికీ మందు వేరు. బెంగకు ఒక ఫోన్ కాల్ చాలు, అవమానానికి అది చాలదు. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగుతో చేసిన ప్రయోగంలో, ఉద్వేగంతో ఉన్న ముఖాల ఫోటోలు చూసి ఆ ఉద్వేగానికి పేరు పెట్టినప్పుడు, భయానికీ కలతకూ స్పందించే అమిగ్డాలా అనే భాగం చురుకు తగ్గింది. సరైన మాట దొరకగానే భుజాలు కిందికి దిగడం ఎవరికి వారే గమనించవచ్చు. అందుకే, ఇంగ్లీషులో చదువుకున్నవారైనా సరే, చిన్నప్పుడు ఏ భాషలో ఏడ్చారో ఆ భాషలోనే రాయమంటాం.

రెండో వారంలో నాలుగు రోజుల రాత. పదికి తొమ్మిది బాధపెట్టే జ్ఞాపకం కాదు, మూడో నాలుగో బాధపెట్టేదాన్ని ఎంచుకోండి. పరీక్ష తప్పిన రోజు కాదు, చుట్టాల ముందు పెదనాన్న కొడుకుతో పోల్చిన మధ్యాహ్నం. మొదటి రోజు ఆ పిల్లవాడి నోటితో, వర్తమానంలో రాయండి: ఏ బట్టలు, ఏ గది, వంటింట్లోంచి ఏ వాసన, ఎవరేమన్నారు. రెండో రోజు కూడా వాడే మాట్లాడతాడు, ఆ రోజు అనలేకపోయినవి అంటాడు. మూడో రోజు పెద్దవాడు జవాబు రాస్తాడు. నాలుగో రోజు ఇద్దరికీ సరిపడే ఒక చిన్న పని నిర్ణయించి, ఇరవై నాలుగు గంటల్లో చేస్తారు.

మూడో రోజు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. పెద్దవాడి జవాబు రాద్దామని కూర్చుంటే, కలంలోంచి నాన్నగారి గొంతే వస్తుంది. 'ఏడవకు, మగపిల్లాడివి', 'అయినా నీ మంచికే అన్నారు', 'ఇకనైనా ధైర్యంగా ఉండు'. ఇవన్నీ ఆ పిల్లవాడు అప్పుడే విన్నాడు. వరస ఇలా ఉండాలి. మొదట చూసింది చెప్పాలి: 'అందరూ నవ్వుతుంటే నువ్వు పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నావు'. తర్వాత బాధ్యత ఎవరిదో చెప్పాలి: 'పదేళ్ల వాడు జవాబు చెప్పుకోవాల్సిన సంగతి కాదది'. ఆపైన ఇప్పుడు ఏం చేస్తానో చెప్పాలి. సలహా ఒక్కటీ ఉండకూడదు. 'నేను' అని కాకుండా మీ పేరు పెట్టి, 'నువ్వు' అని రాయండి. తన గురించి తాను పేరుతో ఆలోచించినప్పుడు కలత తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఈథన్ క్రాస్ ప్రయోగాలు చూపించాయి. ఇంట్లో పిలిచే బుజ్జీ, నానీ, చిన్నీ ఉంటే ఇంకా మంచిది. కానీ ఆ ముద్దుపేరు నల్లోడు, బండది లాంటిదైతే వాడొద్దు, గాయం మొదలైంది అక్కడే కావచ్చు.

ఎడమ చేత్తో రాస్తే లోపలి పిల్ల మాట్లాడుతుందని కొందరు చెబుతున్నారు. చేయి నెమ్మదిస్తుంది, మన గుండ్రటి అక్షరాలు పలక మీద రాసినట్టు వంకర్లు పోతాయి, దాంతో చిన్నతనం గుర్తుకు రావచ్చు. అంతకు మించిన మహిమ అందులో ఉందని మేం అనుకోం.

పని జరుగుతోందో లేదో నాలుగో రోజు తెలుస్తుంది. మొదటి రోజు కాగితం, నాలుగో రోజు కాగితం పక్కపక్కన పెట్టండి. 'ఎందుకంటే', 'అందుకని', 'ఇప్పుడు తెలుస్తోంది' లాంటి మాటలు పెరిగాయా? అలాంటి మాటలు రోజురోజుకూ పెరిగినవారికే మేలు ఎక్కువ జరిగిందని పెన్నెబేకర్ తర్వాత ఆ రాతలను మాట మాట లెక్కపెట్టి చూసి చెప్పారు. తెలుగులో ఇంకో ఆనవాలూ ఉంది. మనం కర్తను తరచూ వదిలేస్తాం కాబట్టి క్రియల చివర చూడండి. అన్నీ 'ఏడ్చాను', 'ఊరుకున్నాను' లాగా 'ఆను, ఆను' అని ముగుస్తుంటే ఇంకా బావిలోనే ఉన్నట్టు. మధ్యలో 'అనుకుని ఉంటుంది', 'భయపడ్డాడేమో' లాంటివి తొంగిచూస్తే గట్టు కనబడుతున్నట్టు. నాలుగు రోజులూ అవే వాక్యాలు అదే వరసలో వస్తే అది రాత కాదు, నెమరువేత. ఆపేయండి. కనీసం నెల రోజులు ఆ జ్ఞాపకాన్ని ముట్టుకోకండి. పక్కు కట్టిన పుండును రోజూ గీరితే మానదు.

ఇంకో ప్రమాదం జ్ఞాపకాన్ని తవ్వడం. 'ఏదో జరిగే ఉంటుంది, గుర్తు రావడం లేదంతే' అని కళ్లు మూసుకుని వెతకొద్దు. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పికరెల్ అనే పరిశోధకులు కొందరికి 'చిన్నప్పుడు మీరు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారు' అని జరగని కథ చెబితే, నాలుగో వంతు మంది అది పూర్తిగానో కొంతో తమకు గుర్తుందన్నారు. గుర్తున్నదే రాయండి. గుర్తు లేని చోట 'గుర్తు లేదు' అని రాసి ముందుకు వెళ్లండి.

'ఇదంతా అమ్మానాన్నల మీద చాడీలు రాసుకోవడమేగా' అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను మేం తేలిగ్గా తీసుకోం. పిల్లవాడిని ఆరో తరగతి నుంచే రెసిడెన్షియల్‌లో వేయడానికి పొలం అమ్మిన ఇళ్లు ఈ రెండు జిల్లాల్లో ఎన్నో. ఒకే కాగితం మీద 'నాన్న నా కోసం ఎకరం అమ్మాడు' అనీ, 'ఫోన్ చేస్తే ర్యాంకు అడిగాకే అన్నం తిన్నావా అని అడిగేవాడు' అనీ రాయవచ్చు. రెండూ నిజమే, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయనక్కర్లేదు. ఆ ఉత్తరాన్ని మాత్రం ఎవరికీ పంపొద్దు. డెబ్బై ఏళ్ల తండ్రి చేతిలో పెడితే ఇల్లు కోర్టవుతుంది, పిల్లవాడు మళ్లీ బోనెక్కుతాడు. ముగించాక చింపేయండి, లేదా తాళం వేయండి.

కొందరు ఒంటరిగా ఈ పనికి దిగకూడదు. ఈ మధ్యే అయినవారిని పోగొట్టుకున్నవారు, ప్రమాదం నుంచి బయటపడ్డవారు కొన్ని వారాలు ఆగాలి. చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవారు, జరిగింది కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టు అనిపించేవారు, లేని మాటలు వినబడేవారు, చనిపోవాలనిపించేవారు డాక్టరు దగ్గరే మొదలుపెట్టాలి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రులు రెండింటిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు.

చివరగా ఒక విన్నపం, విజయవాడ పక్కనున్న గూడవల్లి నుంచి గుంటూరు దాకా ఉన్న రెసిడెన్షియల్ కాలేజీల వార్డెన్లకు, తల్లిదండ్రులకు. పదహారేళ్ల పిల్లలకు ఇన్నర్ చైల్డ్ ఉత్తరాలు వద్దు, వాళ్లింకా పిల్లలే. పైన చెప్పిన అయిదు వాక్యాల కాగితం చాలు. రాత్రి స్టడీ అవర్ మొదట్లో పది నిమిషాలు ఇవ్వండి, రాశాక వాళ్ల చేతులతోనే చింపి బుట్టలో వేయనివ్వండి. ట్రంకు పెట్టెలు తెరిచి చదవకండి. ఎవరో చదువుతారని తెలిసిన పిల్ల 'అంతా బాగుంది' అని తప్ప రాయదు, లోపలున్నది లోపలే ఉండిపోతుంది. వెతక్కుండానే, పొరపాటున, 'బతకాలని లేదు' అన్న వాక్యం కంటపడితే మాత్రం చూడనట్టు ఊరుకోవద్దు. కాగితం చూపించి నిలదీయొద్దు, స్టాఫ్ రూములో చర్చ పెట్టొద్దు. పక్కన కూర్చుని, 'చనిపోవాలనిపిస్తోందా అమ్మా' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి, 14416కు ఆ పిల్ల పక్కనుండగానే ఫోన్ చేయండి, తెల్లవారేసరికి ఇంటివాళ్లను పిలిపించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇట్లు,
ఇద్దరు కౌన్సెలర్లు,
బ్రాడీపేట, గుంటూరు, సత్యనారాయణపురం, విజయవాడ