పలక మీద గీత, పెన్సిల్‌లో గీత

మాంచెస్టర్
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. వెంటనే రాద్దామనుకున్నాను గానీ, నువ్వడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు రాసి ఊరుకోబుద్ధి కాలేదు. "గ్రాఫీన్ ఉక్కు కన్నా గట్టిదంటారు, పెన్సిల్లో ఉన్నదీ అదే అంటారు. మరి పెన్సిల్ మొన ఊరికే ఎందుకు విరుగుతుంది మాస్టారూ?" అని అడిగిన ఆ తొమ్మిదో తరగతి అమ్మాయిని ముందు నా తరఫున మెచ్చుకో. ఆ ప్రశ్న పట్టుకుని నేను చాలా దూరం తిరిగొచ్చాను. అదంతా రాస్తాను, తీరిగ్గా చదువు.

మీకు పక్కనే ఆత్రేయపురం ఉంది కాబట్టి పూతరేకులతో చెప్పు. గ్రాఫైట్ అంటే కార్బన్ రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతర. ఒక్కో రేకులో కార్బన్ పరమాణువులు తేనెపట్టు గళ్ళలా ఆరేసి చొప్పున గట్టిగా చేతులు పట్టుకుని ఉంటాయి. కానీ రేకుకీ రేకుకీ మధ్య పట్టు చాలా బలహీనం. రేకు మీంచి రేకు జారిపోవడం వల్లే పెన్సిల్ కాగితం మీద రాస్తుంది, దొంతరగా ఉండటం వల్లే మొన విరుగుతుంది. పైగా పెన్సిల్ పుల్లలో ఉన్నది ఉత్త గ్రాఫైట్ కాదు, బంకమన్ను కలిపి కాల్చింది. గ్రాఫీన్ అంటే ఆ దొంతరలోంచి విడదీసిన ఒకే ఒక్క రేకు. మిల్లీమీటరు మందం గ్రాఫైట్‌లో అలాంటివి దాదాపు 30 లక్షలుంటాయి. పూతరేకు పట్టుకుంటేనే ముక్కలవుతుంది, ఇది అలా కాదు. చదరపు మీటరు గ్రాఫీన్‌ని ఉయ్యాలలా కట్టగలిగితే దాని బరువు మిల్లీగ్రాము కూడా ఉండదు, అయినా 4 కిలోల పిల్లిని మోస్తుందని నోబెల్ కమిటీ వాళ్ళే లెక్కగట్టి రాశారు. 2008లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు సన్నటి సూదిమొనతో ఆ పొరని నొక్కి, ఎక్కడ తెగుతుందో కొలిచారు కూడా.

ఆ ఒక్క రేకునీ విడదీసింది ఈ ఊళ్ళోనే. ఆ కథ నీకు తెలుసు, అయినా పిల్లలకి వివరంగా చెప్పు. ఇక్కడి యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఆండ్రే గైమ్ తన దగ్గర చేరిన ఒక పీహెచ్‌డీ విద్యార్థికి గ్రాఫైట్ ముక్క ఇచ్చి, వీలైనంత పల్చగా అరగదీయమన్నాడు. ఆ కుర్రాడు ఎంత అరగదీసినా అది ఇంకా మందంగానే ఉంది. అదే ల్యాబులో ఇంకొకాయన మైక్రోస్కోపు కింద పెట్టే ముందు గ్రాఫైట్‌ని శుభ్రం చేయడానికి పైన సెలోటేపు అంటించి లాగేసి, ఆ టేపు చెత్తబుట్టలో పడేసేవాడు. అలా చేయడం అప్పటికే అందరికీ అలవాటు. కానీ ఆ పారేసిన టేపుకి అంటుకున్న పొరలు, అరగదీసిన ముక్క కన్నా ఎంతో పల్చగా ఉన్నాయని గైమ్, ఆయన సహచరుడు నొవొసెలొవ్ గమనించారు. టేపుని మళ్ళీ మళ్ళీ మడిచి విప్పుతూ పోయారు. 2004 అక్టోబరులో పేపరు వచ్చింది, 2010లో నోబెల్ వచ్చింది. ఒక్క పరమాణువు మందం ఉన్న స్ఫటికం విడిగా నిలవదని, చుట్టుకుపోయి చెదిరిపోతుందని చాలామంది నమ్మే రోజులవి. నాకు ఆ కథలో నచ్చేది చెత్తబుట్ట కాదు మామా, ఆ తర్వాత వాళ్ళు పడ్డ ఓపిక. పొరలు ఎన్నున్నాయో కంటితో తేల్చాలి. 300 నానోమీటర్ల ఆక్సైడ్ పూత ఉన్న సిలికాన్ మీద పెడితే ఒక్క పొర కూడా లేత రంగు మరకలా కనిపిస్తుంది. ఆ పూత మందం కొద్దిగా తేడాగా ఉన్నా, కళ్ళెదుట ఉన్నదే కనిపించకుండా పోయేది. ఉత్త పొరగా వెలుగుకి అడ్డంపెడితే అది పీల్చుకునేది వందలో 2.3 వంతులు. అంత చిన్న లెక్కే గానీ, పరమాణువు మందానికి అది చాలా ఎక్కువ.

నా రోజువారీ పని ఇదే. పొరలు దించడం, లెక్కపెట్టడం, సాగదీస్తే ఏమవుతుందో చూడటం. లెక్కపెట్టేది దేంతోనో తెలుసా? రామన్ యంత్రంతో. ఆకుపచ్చ లేజరు వేస్తే, తిరిగొచ్చే వెలుగులో కొద్ది భాగం రంగు మారి వస్తుంది. ఆ మార్పులో పరమాణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుస్తుంది. ఆ రంగు మార్పు ఎంతో చూపే గ్రాఫులో గ్రాఫీన్‌కి 1580 దగ్గర ఒక శిఖరం, 2700 దగ్గర ఇంకోటి కనిపిస్తాయి. ఆ రెండోది సన్నగా, ఒంటరిగా, మొదటిదాని కన్నా ఎత్తుగా ఉంటే ఒకే పొర అని గుర్తు. 1350 దగ్గర మూడో శిఖరం లేచిందంటే రేకులో ఎక్కడో లోపం ఉన్నట్టు. ఆ తెర ముందు కూర్చున్నప్పుడల్లా నాకు వైజాగే గుర్తొస్తుంది. ఈ రంగు మార్పుని కనిపెట్టిన సి.వి. రామన్ గారి నాన్న అక్కడ ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరరు, రామన్ గారు అక్కడే సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మనిద్దరం ఆ బీచి రోడ్డు వెంట ఎన్నిసార్లు నడిచామో లెక్కలేదు, అప్పుడు ఈ సంగతి మనకి ఎవరూ చెప్పలేదు. ఫిబ్రవరి 28న సైన్స్ డే చేస్తావు కదా, ఈసారి మీ పిల్లలకి నువ్వు చెప్పు.

అసలు సంగతికొస్తాను. రెండు నెలల క్రితం, శిలాజాల మీద పనిచేసే ఒక స్నేహితురాలు చిన్న రాతి పలక పట్టుకుని మా ల్యాబుకొచ్చింది. అచ్చం మనం ఓనమాలు దిద్దిన పలకే, నల్లగా, నున్నగా. దాని మీద బలపంతో ఎవరో చిన్న రంపపు బ్లేడు గీసినట్టు వెండిరంగు గీత. గ్రాప్టొలైట్ అంది. 47 కోట్ల ఏళ్ళ నాటి సముద్రజీవి. రంపానికి ఉన్న ఒక్కో పన్నూ ఒక్కో ఇల్లు, ఒక్కో ఇంట్లో మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉండే ఒక్కో ప్రాణి. అందరూ కలిసి ఒకే కాలనీగా నీళ్ళలో తేలుతూ, వచ్చిన పాచిని వడగట్టుకు తిని బతికేవి. చచ్చాక సముద్రపు అడుగున, గాలి ఆడని నల్లటి బురదలో పడి, అణిగి అణిగి కార్బన్ పొరగా మిగిలాయి. వాటి చుట్టాలు కొన్ని ఇప్పటికీ సముద్రాల్లో ఉన్నాయి. వెన్నెముక ఉన్న జంతువులకి అవి మరీ దూరం కాదట, అంటే మనకీ ఎంతో కొంత బంధుత్వమే.

ఆ గీతని మా యంత్రం కింద పెట్టాం. కాలిపోకుండా లేజరుని బాగా తగ్గించి, ఊపిరి బిగబట్టి చూశాను. అవే 1350, 1580! గ్రాఫీన్‌లో సూదుల్లా నిలబడే శిఖరాలు ఇక్కడ గుండ్రటి గుట్టల్లా ఉన్నాయి. రేకులు ఏర్పడటం మొదలైంది గానీ ఇంకా సర్దుకోలేదు. భూమి లోపల ఆ రాయి ఎంత వేడెక్కితే ఆ గుట్టలు అంత సన్నబడతాయి, కాబట్టి వాటిని చూసి పాత వేడిని అంచనా వేస్తారు. నేను రోజూ పక్క గదిలో కొలిచే కార్బనే, ఒకప్పుడు ఈదిన ప్రాణిలో చూశాను. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

పేర్లు చూడు. గ్రీకులో రాయడానికి ఉన్న మాట నుంచే 1789లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త వెర్నర్ గ్రాఫైట్ అన్నాడు, రాసే రాయి అని. అదే మూలం నుంచి అంతకు ముందే స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ గ్రాప్టొలిథస్ అన్నాడు, రాత ఉన్న రాయి అని. ఆయనైతే అవి నిజమైన శిలాజాలు కావని, అలా కనిపించే గీతలేనని అనుకున్నాడు.

పేర్లు కలిసిన మాట నిజమే, అసలు చుట్టరికం ఇంకా లోపల ఉందని ఆ స్నేహితురాలు అంది. చూపిస్తానని పోయిన శనివారం కెజ్విక్ తీసుకెళ్ళింది. ఇక్కడికి రెండు గంటల ప్రయాణం, ఉత్తర ఇంగ్లండ్ కొండల్లో, లేక్ డిస్ట్రిక్ట్‌లో. ఒకటే వాన. ఆ ఊరి వెనక ఉన్న స్కిడా కొండల పలకరాళ్ళలో గ్రాప్టొలైట్లు దొరుకుతాయి. ఊరికి దక్షిణాన బారోడేల్ లోయలో, సీత్‌వైట్ దగ్గర, 1500ల నుంచి గ్రాఫైట్ తవ్వారు. కోస్తే పుల్లల్లా వచ్చేంత స్వచ్ఛమైన ముద్ద అది, ప్రపంచంలో మొదటి పెన్సిళ్ళు దాంతోనే చేశారు. ఫిరంగి గుండ్ల అచ్చులకి పూయడానికీ వాడేవారు. ఎంత విలువైనదంటే, దాన్ని దొంగిలిస్తే శిక్ష వేయడానికి 1752లో పార్లమెంటు విడిగా చట్టం చేసింది.

ఇప్పుడు విను. ఆ గ్రాఫైట్‌లోని కార్బన్ ఎక్కడిదో ఐసోటోపులతో, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులతో చూశారు. బతికున్న ప్రాణులు తేలిక కార్బన్‌ని, అంటే 12ని, ఎక్కువ తీసుకుంటాయి. బారోడేల్ గ్రాఫైట్‌లో ఆ గుర్తే ఉంది. భూమి లోపలి నుంచి పైకి ఎగదన్నిన మాగ్మా స్కిడా పాత సముద్రపు బురదరాళ్ళని దారిలో కరిగించి కలుపుకుంది. అందులో ఉన్న కార్బన్ మీథేనుగా, కార్బన్ డయాక్సైడుగా వేడి ద్రవాల్లో కలిసి, పగుళ్ళలోకి ఎక్కి, చల్లారుతూ గ్రాఫైట్‌గా పేరుకుంది. అంటే మొదటి పెన్సిల్‌తో ఎవరు మొదటి గీత గీశారో గానీ, ఆ సముద్రంలో బతికి చచ్చినవాటి కార్బన్‌తోనే గీశారు. గ్రాప్టొలైట్లొక్కటే కాదు, పాచీ అదీ అన్నీ. వానలో నిలబడి ఇదంతా వింటుంటే నాకు మాట రాలేదు. నువ్వు పక్కనుంటే బాగుండును అనిపించింది.

మర్నాడు అక్కడి నుంచి స్కాట్లండ్‌లో మోఫట్ దగ్గర డాబ్స్ లిన్ అనే వాగు లోయకి వెళ్ళాం. ఇది ప్రత్యేకంగా నీ కోసం రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడి హీరో మీ కులంవాడే, బడిపంతులు. చార్లెస్ లాప్‌వర్త్ గాలాషీల్స్‌లో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో ఈ కొండల్లో తిరిగేవాడు. అక్కడి రాతి పొరలు వేల అడుగుల మందం ఉన్నాయని పెద్దలందరూ రాశారు. ఈయన బర్క్‌హిల్ కాటేజ్‌లో మకాం పెట్టి, ఒక్కో పొరలో ఏ గ్రాప్టొలైట్ ఉందో అంగుళం అంగుళం చూశాడు. ఒక రకం అయిపోయాక ఇంకో రకం, ఆ తర్వాత మరోటి. కొంత దూరం పోయాక మళ్ళీ మొదటి రకమే, తలకిందులుగా! పుస్తకంలో పేజీ నంబర్లు తిరగబడినట్టు. అంటే మందం ఏమీ లేదు, కొద్దిపాటి పొరలే చీర మడత పెట్టినట్టు పదే పదే మడతపడ్డాయి. 1878లో అది రాశాడు, మరుసటి ఏడు భూమి చరిత్రలో ఒక యుగానికి ఆర్డొవిషియన్ అని పేరు పెట్టాడు. ఇవాళ ప్రపంచం మొత్తానికి, దాని తర్వాతి సిలూరియన్ యుగం ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తు రాయి ఆ వాగు ఒడ్డునే ఉంది.

గాలాషీల్స్ తర్వాత లాప్‌వర్త్ పనిచేసింది సెయింట్ ఆండ్రూస్‌లో. స్కూలు పేరు చూసి నేను ఆగిపోయాను: మద్రాస్ కాలేజ్. ఆండ్రూ బెల్ మద్రాసులో అనాథ పిల్లల బడి నడుపుతున్నప్పుడు, మన వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతూ ఒకరికొకరు నేర్పుకోవడం చూసి, ఆ పద్ధతిని ఇక్కడికి తెచ్చాడు. ఆయన వదిలిన డబ్బుతో కట్టిన బడి అది. ఇసుకలో దిద్దడం మా తాతయ్య వరకూ ఉంది, నీకూ తెలుసు.

ఆ గ్రాప్టొలైట్లన్నిటినీ పేరుపేరునా బొమ్మలతో గ్రంథంగా తెచ్చింది ఇద్దరు ఆడవాళ్ళు, గర్ట్రూడ్ ఎల్లెస్, ఎథెల్ వుడ్. 1901 నుంచి 1918 దాకా పట్టింది. వాళ్ళు చదివిన కేంబ్రిడ్జి ఆ రోజుల్లో ఆడవాళ్ళకి డిగ్రీ ఇచ్చేది కాదు. ప్రశ్న అడిగిన ఆ అమ్మాయికి ఇది తప్పకుండా చెప్పు.

మార్కాపురం పలకల్లో వెతకమని మాత్రం పిల్లలకి చెప్పకు. ఆ రాయి వీటికన్నా ఎంతో పాతది, దొరకవు. కావాలంటే కాటేరు సున్నపురాయి క్వారీల వైపు తీసుకెళ్ళు, లావా పొరల మధ్య పాత గవ్వల గుర్తులు ఉంటాయి. రాజమండ్రి ఒడ్డున ఒకప్పుడు ఉప్పునీళ్ళు ఉండేవని అవి చూస్తే నమ్ముతారు.

క్లాసులో చేయడానికి: 6బి పెన్సిల్‌తో కాగితం మీద దట్టంగా రుద్దించు. దాని మీద సెలోటేపు అంటించి లాగి, టేపుని దాని మీదకే మడిచి విప్పించు. పదిసార్లు చేస్తే నల్లటి మరక బూడిదరంగై, వెలుగుకి పెడితే లేతగా కనిపిస్తుంది. ఒక్క పొర దొరక్కపోవచ్చు, మన్ను కలిసిన గ్రాఫైట్ కదా. అయినా పల్చబడటం వాళ్ళ చేతుల్లోనే చూస్తారు.

కెజ్విక్‌లో కొన్న పెన్సిల్ ఒకటి ఈ కవర్లోనే పెడుతున్నాను. అందులో ఉన్నది ఇప్పుడు ఆ గని గ్రాఫైట్ కాదు, ఆ గని ఎప్పుడో మూతబడింది. గ్రాప్టొలైట్ రాయి పంపమని అడక్కు, డాబ్స్ లిన్‌లో సుత్తి వేయకూడదు, ఫోటోలు తీశాను, అవే పెడుతున్నాను. రెండో ఫోటోలో నాణెం పక్కన ఉన్న రంపం గీతకి ఎన్ని పళ్ళున్నాయో పిల్లల చేత లెక్కపెట్టించి రాయి. నాకు ఇరవై మూడు వచ్చాయి, చివర కొంచెం విరిగింది.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయో ఈసారైనా వివరంగా రాయి.

నీ
మామ