మా గురించి కాకుండా మాతో మాట్లాడినవారికి వందనాలు

ప్రభువు నామంలో మా సంఘంలోని పెద్దలకు, అక్కలకు, అన్నయ్యలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా హృదయపూర్వక వందనాలు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక లెక్కల తనిఖీ నివేదిక అందరి ముందు చదివారు. ఎక్కడా ఒక్క రూపాయి తేడా లేదని తేలింది. ఆ తర్వాత చాలామంది మా దగ్గరికి వచ్చి, "ఇన్నాళ్లూ ఎలా తట్టుకున్నారు?" అని అడిగారు. అప్పటికప్పుడు "దేవుని కృప" అన్నాను. అది నిజమే. కానీ ఆ కృప మా ఇంటికి ఎవరెవరి నోటి ద్వారా వచ్చిందో కూడా చెప్పాలనిపించింది. ఎందుకంటే మాకు సాయం చేసినవాళ్లలో చాలామందికి తాము సాయం చేశామన్న సంగతే తెలియదు. "నేనేం చేశానమ్మా, ఒక మాట అడిగాను, అంతే కదా" అంటారు. ఆ ఒక్క మాటకే ఈ కృతజ్ఞత.

విషయం తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. మావారు సంఘం లెక్కలు చూస్తారు. మందిర నిర్మాణానికి వచ్చిన ఒక పెద్ద కానుకకు రసీదు ఉంది, కానీ నిర్మాణ ఖాతాలో ఆ డబ్బు కనబడలేదు. పంపినవారు పొరపాటున సంఘానికున్న రెండో ఖాతాలో జమచేశారు. అది బయటపడేలోపు "డబ్బు వాడుకున్నారట" అనే మాట పుట్టింది. ఎవరు పుట్టించారో నేను ఇక్కడ రాయను, రాయాలన్న కోరిక కూడా నాకు లేదు. మాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ మాట తిరిగిన దారి. "వాళ్ల కుటుంబం కోసం ప్రార్థన చేయండి, ఏదో డబ్బు విషయమట" అంటూ అది ఇల్లిల్లూ తిరిగింది. కొండెములాడుచు ఇంటింటికి తిరగకూడదని లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతోంది. ప్రార్థన అంశం అని పేరు పెట్టినంత మాత్రాన కొండెం ప్రార్థన అయిపోదు. ఇది కోపంతో రాయడం లేదు. మళ్లీ ఏ కుటుంబానికీ ఇలా జరగకూడదని రాస్తున్నాను.

అందరికంటే ముందు మా ఇంటికి వచ్చింది మా సంఘంలో పెద్దావిడ, మేమందరం అక్కా అని పిలుచుకునే ఆమె. సాయంత్రం చీకటి పడుతుండగా వచ్చారు. కూర్చోగానే మావారితో, "తమ్ముడూ, నీ గురించి ఒక మాట విన్నాను. విన్నది నాలో పెట్టుకుని నీతో నవ్వుతూ మాట్లాడలేను. జరిగిందేంటో నీ నోటితోనే చెప్పు" అన్నారు. "నువ్వు అలాంటివాడివి కాదని నాకు తెలుసులే" అని కూడా అనలేదు. అలా అని ఉంటే ఆ క్షణానికి హాయిగా ఉండేదేమో గానీ, మావారికి చెప్పుకునే అవకాశం పోయేది. ఆయన పుస్తకాలు తెచ్చి మొదటినుంచీ చెబుతుంటే మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక రసీదు నంబరు చూపించమన్నారు, తేదీ చూశారు. కాసేపాగి, "సంఘానికి ఇంకో ఖాతా ఉంది కదా, దాని స్టేట్‌మెంట్ తెప్పించారా?" అని అడిగారు. నిజం చెప్పాలంటే మొత్తం చిక్కు విడిపోవడం ఆ ప్రశ్నతోనే మొదలైంది. అప్పటిదాకా అందరి కళ్లూ నిర్మాణ ఖాతా మీదే ఉన్నాయి.

ఆవిడ వెళ్లాక మేమిద్దరం యెహోషువ 22వ అధ్యాయం చదువుకున్నాం. యొర్దాను దగ్గర రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు పెద్ద బలిపీఠం కట్టారని మిగతా ఇశ్రాయేలీయులకు వార్త అందింది. దేవునిమీద తిరుగుబాటు చేశారనుకుని షిలోహులో యుద్ధానికి కూడారు కూడా. కానీ కత్తి దూయకముందు యాజకుడైన ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులను పంపారు. వాళ్లు వెళ్లి మెత్తగా ఏమీ మాట్లాడలేదు, గట్టిగానే నిలదీశారు. అయితే వెళ్లింది నేరుగా ఆ మనుషుల దగ్గరికే. జవాబు చెప్పనిచ్చారు, పూర్తిగా విన్నారు. అది బలులకు కట్టింది కాదని, మేమూ యెహోవా ప్రజలమే అని రాబోయే తరాలకు సాక్ష్యంగా కట్టిందని తెలిసింది. విని సంతోషించారు, యుద్ధం మాట మళ్లీ ఎత్తలేదు. అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకోవలసిన రోజు అది. ఒక ప్రయాణం, ఒక ప్రశ్న దాన్ని ఆపాయి. ఈ అధ్యాయాన్ని మనం ఎంతో తక్కువగా చదువుతాం. మాకు మాత్రం ఆ వారమంతా అదే ఆహారం.

ఇంకొక అన్నయ్య సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అది కూడా పాటల బృందంలోని ఒక చెల్లి చెబితే. ప్రార్థన కూడిక అయిపోయాక కొందరు నిలబడి మా విషయం ఎత్తారట. ఆ అన్నయ్య ఎవరినీ తప్పుపట్టలేదట, గొంతు పెంచలేదట. "ఆయన ఇక్కడ లేడు కదా. ఉన్నప్పుడు మాట్లాడుకుందాం. ఇప్పుడే తెలుసుకోవాలంటే ఫోన్ చేస్తాను, స్పీకర్‌లో పెడతాను, మీరే అడగండి" అని ఫోన్ చేతిలోకి తీసుకున్నారట. అడగడానికి ఎవరూ ముందుకు రాలేదు, మాట అక్కడితో ఆగిపోయింది. కట్టెలు లేకపోతే అగ్ని ఆరిపోతుంది, కొండెగాడు లేకపోతే జగడం చల్లారుతుంది అన్న సామెతలు 26వ అధ్యాయంలోని మాట ఆ చెల్లి చెబుతుంటే నాకు కళ్లకు కట్టింది. అన్నా, మీరు ఇది చదువుతూ ఉంటే మీకే చెబుతున్నాను: ఆ రోజు మీరు మమ్మల్ని వెనకేసుకొచ్చి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. మాట్లాడవలసింది మాతోనే అని గుర్తుచేశారు. మాకు అంతకన్నా ఏం కావాలి?

ఓదార్చడానికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అందరూ మంచి మనసుతోనే వచ్చారు. అయినా "దేవుడు మిమ్మల్ని పరీక్షిస్తున్నాడు", "మీ జీవితంలో ఏదైనా సరిచేసుకోవలసింది ఉందేమో చూసుకోండి" అనే మాటలు విన్నప్పుడు నాకు యోబు స్నేహితులే గుర్తొచ్చేవారు. ఏడు రోజులు, ఏడు రాత్రులు నేలమీద యోబు పక్కన కూర్చుని ఒక్క మాటైనా పలకని రోజుల్లో వాళ్లు నిజమైన స్నేహితులు. ఎందుకు జరిగిందో వివరించడం మొదలుపెట్టాకే అతనికి భారమైపోయారు. చివరికి దేవుడే వాళ్లమీద కోపపడ్డాడు. బాధలో ఉన్నవారికి కారణాలు చెప్పాలన్న తొందర మనందరిలో ఉంటుంది. దాన్ని ఆపుకోవడం పెద్ద సేవ అని ఈ మధ్యనే అర్థమైంది.

ఒక చెల్లి ఆ సేవ చేసింది. "అక్కా, ఆదివారం నీ పక్కన కూర్చుంటాను" అని మెసేజ్ పెట్టింది. వచ్చి కూర్చుంది, నాతోపాటు పాడింది, వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారాల్లోనూ అంతే. నావైపు చూసి తల తిప్పుకునేవాళ్ల మధ్య నా పక్కన ఒక మనిషి ఉండేది. లాజరు చనిపోయినప్పుడు మార్త, మరియ ఇద్దరూ యేసుప్రభువుతో ఒకే మాట అన్నారు: నీవు ఇక్కడ ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదు. మార్తకు ఆయన పునరుత్థానం గురించి చెప్పాడు. మరియ ఏడుస్తుంటే ఆయన కూడా కన్నీళ్లు విడిచాడు. ఎవరికి మాట కావాలో, ఎవరికి తోడు కావాలో ఆయనకు తెలుసు. ఆ వారాల్లో నేను మరియలా ఉన్నానని ఈ చెల్లికి ఎలా తెలిసిందో! ప్రభువే తెలిపి ఉంటాడు.

పాస్టర్‌గారికి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. టెన్షన్ భరించలేని ఒక రాత్రి మావారు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి చాలా పొడుగు మెసేజ్ టైప్ చేశారు. అందులో అబద్ధం ఏమీ లేదు. పంపేముందు పాస్టర్‌గారికి ఫోన్ చేసి చదివి వినిపించారు. పాస్టర్‌గారు అంతా విని, "ఇందులో ప్రతి మాటా నిజమే అయ్యా. కానీ ఈ రాత్రి పంపకు. తెల్లవారాక ఇద్దరం కలిసి చదువుదాం" అన్నారు. అబీగయీలు కూడా అంతే చేసింది. నాలుగువందల మందితో వస్తున్న దావీదును వినయమైన మాటలతో ఆపి ఇంటికొచ్చిన ఆమె, తన భర్త నాబాలు తాగి మత్తులో ఉన్నాడని చూసి తెల్లవారేదాకా ఏమీ చెప్పలేదు. చెప్పవలసినది చెప్పింది, సమయం చూసి చెప్పింది. మర్నాడు పొద్దున ఆ పొడుగు మెసేజ్ మూడు వాక్యాలయింది: "లెక్కల విషయంలో కొందరికి సందేహాలున్నాయని తెలిసింది. రెండు ఖాతాల స్టేట్‌మెంట్లు తెప్పిస్తున్నాం, సంఘ పెద్దలు రసీదులతో సరిచూస్తారు. అందాకా ఏ ప్రశ్న ఉన్నా నాకు నేరుగా ఫోన్ చేయండి." ఎవరి పేరూ లేదు, దెప్పిపొడుపు లేదు. ఆ మెసేజ్ చూసి నిజంగానే కొందరు ఫోన్ చేశారు. రాత్రి రాసినదే వెళ్లి ఉంటే ఈరోజు లెక్కలు తేలినా మనుషులు దూరమయ్యేవారు.

ఆ ఆదివారం పాస్టర్‌గారు మావారిని పొగడలేదు, అనుమానించలేదు. సాక్షులు లేకుండా పెద్దమీద నిందను అంగీకరించకూడదన్న 1 తిమోతి 5:19 చదివారు. వెంటనే 2 కొరింథీయులకు 8వ అధ్యాయం కూడా చదివారు. అక్కడ పౌలు కానుకల విషయంలో తనమీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడ్డాడు, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తోడు తీసుకెళ్లాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలోనూ యోగ్యంగా ఉండాలన్నాడు. ఈ రెండు వాక్యాలూ కలిపి చదవడం వల్ల నింద వేసే నోళ్లు ఆగాయి, లెక్క అడిగే నోళ్లకు ధైర్యం వచ్చింది.

ఈ రెండోది నాకు చాలా ముఖ్యం. దయగా మాట్లాడడమంటే ఏమీ అడగకుండా ఊరుకోవడం అని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఒకవేళ లెక్కల్లో నిజంగానే తప్పు జరిగి ఉంటే, అక్క అడిగిన ఆ ప్రశ్నే అప్పుడు కూడా సరైనది అయ్యేది. నాతాను ప్రవక్త దావీదు రాజు తప్పును కప్పిపెట్టలేదు. సంఘమంతా తిరిగి చెప్పలేదు కూడా, దావీదు ముందే నిలబడి చెప్పాడు. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి చెప్పమని మత్తయి 18లో ప్రభువు చెప్పింది ఇదే కదా. ప్రేమ గలిగి సత్యం చెప్పమన్నాడు పౌలు. అందుకే మమ్మల్ని కఠినమైన ప్రశ్నలు అడిగినవారికి కూడా, ముఖం మీదే అడిగినందుకు, నా వందనాలు.

ఇంకొకరికి కూడా. ఆ మాటను కొంతమందికి చేరవేసిన ఒకరు తనిఖీ పూర్తవకముందే మా ఇంటికి వచ్చి క్షమించమన్నారు. క్షమాపణ అడగడమే కష్టం. ఆ మనిషి ఇంకా ముందుకెళ్లి, ఎవరెవరితో ఆ మాట అన్నారో వాళ్లందరి దగ్గరికీ వెళ్లి, "నేను తెలుసుకోకుండా చెప్పాను, నా మాట నమ్మకండి" అని చెప్పి వచ్చారు. గడప గడపకూ వెళ్లి తన మాటను వెనక్కి తీసుకోవడానికి ఎంత విశ్వాసం కావాలో ఊహించండి. మాకు జరిగిన మేళ్లలో దీన్ని నేను చిన్నదిగా చూడను. ఆ వ్యక్తి ఎవరని దయచేసి ఎవరూ ఆరా తీయకండి.

మావారు లెక్కల బాధ్యతలో కొనసాగుతున్నారు. ఇకనుంచి ప్రతి రసీదు మీదా రెండు సంతకాలు ఉంటాయి. రెండు ఖాతాల వివరాలూ ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెడతారు. ఏదైనా అర్థం కాకపోతే ఆరాధన అయ్యాక మావారి దగ్గరికి రండి, పుస్తకం తెరిచి చూపిస్తారు. ఫోన్ చేసినా సరే, మమ్మల్నే అడగండి.