ఫైల్ తెరవడం నేర్పే పాఠమే ఫైల్‌ని ఖాళీ చేస్తోంది: మీ సి కోర్సుపై ఫిర్యాదు

కోర్సుల విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం.

విషయం: సి ప్రోగ్రామింగ్ కోర్సులో ఫైల్ స్ట్రీమ్‌ల అధ్యాయంలో ఉన్న తప్పులు, క్విజ్‌లో తప్పుగా ఇచ్చిన మార్కులు, సపోర్ట్ విభాగం సమాధానం గురించి.

మా టీమ్‌లో కొత్తగా చేరిన వాళ్ల కోసం మీ కోర్సు కొన్నాం. వాళ్లు రాసే కోడ్‌ని చూసి సరిదిద్దే బాధ్యత నాది. పాయింటర్ల అధ్యాయం చాలా బాగుంది, ఆ మాట ముందే చెబుతున్నాను. మెమరీ గురించి అంత ఓపిగ్గా చెప్పిన పాఠం నేను ఎక్కువగా చూడలేదు. అందుకే ఫైళ్ల అధ్యాయం ఇలా ఉండటం చూసి బాధ కలిగింది.

మొదట అన్నిటికంటే పెద్ద నష్టం సంగతి. ఆ అధ్యాయం మధ్యలో ఒక ప్రోగ్రామ్ ఉంది. లాగ్ ఫైల్ ఉందో లేదో తెలియనప్పుడు ముందు ఎఫ్‌ఓపెన్ అనే ఫైల్ తెరిచే ఫంక్షన్‌తో "డబ్ల్యూ" (రాసే) మోడ్‌లో తెరిచి మూసేయమని, అలా చేస్తే ఫైల్ తప్పకుండా ఉంటుందని, ఆ తర్వాత "ఆర్" (చదివే) మోడ్‌లో తెరిచి చదువుకోమని చెబుతారు. ల్యాబ్‌లో ఆ ఫైల్ ముందుగా ఉండదు కాబట్టి ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది. మా జూనియర్ ఒకరు అదే పద్ధతిని, పాఠంలో ఉన్నది ఉన్నట్టుగా, కొలతల రీడింగులు దాచుకునే మా చిన్న టూల్‌లో పెట్టారు. ఆ టూల్ మొదటిసారి నడవగానే అప్పటిదాకా పోగైన రీడింగులన్నీ పోయాయి. బ్యాకప్ నుంచి కొన్ని వెనక్కి తెచ్చుకున్నాం, మిగతావి దొరకలేదు.

ఇందులో జూనియర్ తప్పేమీ లేదు. "డబ్ల్యూ" మోడ్‌లో ఫైల్ ఖాళీ అయ్యేది ఏదైనా రాసినప్పుడు కాదు, ఎఫ్‌ఓపెన్ జరిగిన ఆ క్షణంలోనే. ఒక్క అక్షరం కూడా రాయకుండా వెంటనే మూసేసినా ఫైల్ సైజు సున్నాయే. ఈ ఒక్క మాట మీ వీడియోలో ఎక్కడా లేదు. "డబ్ల్యూ అంటే రైట్" అని చెప్పి ముందుకు వెళ్లిపోయారు. ఫైల్ లేకపోతే సృష్టించాలి, ఉంటే ముట్టుకోకూడదు అనుకుంటే "ఏ" (చివర చేర్చే) మోడ్ ఉంది. అందులో రాసేదంతా చివరికే చేరుతుంది, పాత డేటా అలాగే ఉంటుంది. కొత్త ఫైలే కావాలి, పాతది ఉంటే తెరవడం విఫలం కావాలి అనుకుంటే 2011 నాటి సి భాషా ప్రమాణం "డబ్ల్యూఎక్స్" మోడ్ ఇచ్చింది. ఉన్న ఫైల్‌ని చెరపకుండా చదవాలి, అందులోనే రాయాలి అంటే "ఆర్ ప్లస్". ఈ తేడాలు చెప్పడానికి ఒక చిన్న పట్టిక చాలు. పాయింటర్ల దగ్గర అన్ని బొమ్మలు గీసిన మీరు ఇక్కడ అది ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు.

రెండోది, ఎఫ్‌ఓపెన్ ఫలితాన్ని ఎక్కడా చూడకపోవడం. అధ్యాయంలో ఉన్న ఏ ప్రోగ్రామ్‌లోనూ నల్ (దేన్నీ చూపని ఖాళీ పాయింటర్) వచ్చిందా లేదా అన్న పరీక్ష లేదు. ఫైల్ తెరుచుకోకపోతే ఎఫ్‌ఓపెన్ నల్ ఇస్తుందని 1989 నాటి తొలి ప్రమాణంలోనే ఉంది, ఇదేమీ కొత్త సంగతి కాదు. పేరులో ఒక అక్షరం తప్పినా, ఆ ఫోల్డర్‌లో అనుమతి లేకపోయినా, ప్రోగ్రామ్ మనం అనుకున్న ఫోల్డర్‌లో కాకుండా వేరే చోట నుంచి నడుస్తున్నా తెరవడం విఫలమవుతుంది. ఈ చివరిది కొత్తవాళ్లని ఎక్కువగా ఏడిపిస్తుంది. ఎడిటర్‌లో బటన్ నొక్కితే ఒక ఫోల్డర్ నుంచి, టెర్మినల్‌లో నడిపితే ఇంకో ఫోల్డర్ నుంచి ప్రోగ్రామ్ మొదలవుతుంది. ఫైల్ కళ్ల ముందే కనబడుతుంటే ప్రోగ్రామ్‌కి మాత్రం దొరకదు. అప్పుడు ఆ నల్ పాయింటర్‌ని, ఫైల్ నుంచి ఒక్కో అక్షరం చదివే ఎఫ్‌గెట్‌సీకి ఇస్తే సాధారణంగా ప్రోగ్రామ్ అక్కడే కూలిపోతుంది. విద్యార్థి ఎఫ్‌గెట్‌సీ లైన్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటాడు, అసలు తప్పేమో పైన ఎఫ్‌ఓపెన్ లైన్‌లో ఉంటుంది. నల్ వస్తే ఎర్రర్ సందేశం చూపే పెర్రర్ ఫంక్షన్‌ని పిలిచి బయటికి వచ్చేయడం రెండు మూడు లైన్ల పని. మామూలు సిస్టమ్‌లలో కారణం ఏమిటో కూడా అదే చెబుతుంది. పైగా మీ ప్రోగ్రామ్‌లలో ఆ నల్‌నే చివర్లో ఫైల్ మూసే ఎఫ్‌క్లోజ్‌కి కూడా ఇస్తున్నారు. మెమరీని విడిపించే ఫ్రీ ఫంక్షన్‌కి నల్ ఇస్తే ఏమీ కాదు కానీ ఎఫ్‌క్లోజ్‌కి అలాంటి హామీ ఏదీ లేదు.

ఇక క్విజ్. "ఎఫ్‌గెట్‌సీ తిరిగి ఇచ్చే విలువ ఏ రకం?" అన్న ప్రశ్నకు మా వాళ్లలో ఒకమ్మాయి "ఇంట్" (పూర్ణ సంఖ్య రకం) అని రాసింది. మీ సిస్టమ్ దాన్ని తప్పని చూపించి, సరైన జవాబు "క్యార్" (ఒక్క అక్షరం పట్టే రకం) అంది. ఆ అమ్మాయి రాసిందే సరైనది. ఒక బైట్‌లో 0 నుంచి 255 వరకు ఏ విలువైనా ఉండొచ్చు, వాటన్నిటికీ వేరుగా ఫైల్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ అనే రుణ సంఖ్య కూడా రావాలి. అందుకే ఆ ఫంక్షన్ ఇంట్ ఇస్తుంది. దాన్ని క్యార్‌లో పెట్టుకుంటే ఏమవుతుందో చూడండి. క్యార్ సైన్డ్‌గా (రుణ సంఖ్యలు కూడా పట్టేలా) ఉన్న కంపైలర్‌లో 255 విలువ ఉన్న బైట్ మైనస్ 1 గా మారి, ఈఓఎఫ్‌లాగే కనబడి, ఫైల్ మధ్యలోనే చదవడం ఆగిపోతుంది. క్యార్ అన్‌సైన్డ్‌గా ఉన్న చోట, ఉదాహరణకి ఆర్మ్ ప్రాసెసర్ల మీద లినక్స్‌లో మామూలుగా అంతే, ఈఓఎఫ్‌తో ఎప్పటికీ సరిపోలదు, లూప్ ఆగదు. తెలిసి సరిగ్గా రాసిన పిల్లకి మార్కులు తగ్గించి, తప్పు నేర్చుకోమని చెప్పడం నాకు చాలా అన్యాయంగా అనిపించింది.

లైన్ల వారీగా చదివే వీడియోలో ఇంకో విషయం ఉంది. దీన్ని మీ వీడియో ఎడిటర్ అయినా గమనించి ఉండాల్సింది. ఫైల్ అయిపోయిందా అని చెప్పే ఎఫ్‌ఈఓఎఫ్‌తో "ఎఫ్‌ఈఓఎఫ్ కానంతవరకు" అని లూప్ పెట్టి, లోపల ఎఫ్‌గెట్స్‌తో ఒక లైన్ చదివి ప్రింట్ చేస్తారు. తెర మీద చివరి లైన్ రెండుసార్లు వస్తుంది, స్పష్టంగా కనబడుతుంది. అప్పుడు టీచర్ గారు ఫైల్ చివర ఖాళీ లైన్ ఉందని చెప్పి, ఎడిటర్‌లో ఆ చివరి ఎంటర్‌ని తీసేసి, మళ్లీ నడిపి, "చూశారా, సరిపోయింది" అంటారు. సరిపోయిన మాట నిజమే. కానీ ఎందుకు సరిపోయిందో చెప్పరు. ఎఫ్‌ఈఓఎఫ్ ముందుచూపుతో ఏమీ చెప్పదు, చదవబోయి ఫైల్ అంచు తగిలాకే నిజమని చెబుతుంది. చివర ఎంటర్ ఉంటే ఎఫ్‌గెట్స్ ఆ ఎంటర్ దగ్గరే ఆగిపోతుంది, అంచు ఇంకా తగలదు. మరోసారి లూప్ తిరుగుతుంది, ఎఫ్‌గెట్స్ విఫలమవుతుంది, బఫర్‌లో (చదివిన లైన్‌ని పెట్టుకునే మెమరీలో) పాత లైన్ అలాగే ఉంటుంది, అదే మళ్లీ ప్రింట్ అవుతుంది. చివర ఎంటర్ తీసేస్తే ఎఫ్‌గెట్స్ అంచుని తాకే ఆగుతుంది కాబట్టి లూప్ అక్కడితో ముగుస్తుంది. అంటే తప్పు ప్రోగ్రామ్‌కి సరిపోయేలా డేటాని మార్చారు. టెక్స్ట్ ఫైళ్లలో చివరి లైన్‌కి కూడా ఎంటర్ ఉండటమే మామూలు పద్ధతి. ఎఫ్‌గెట్స్ నల్ ఇచ్చేవరకు అని లూప్ రాస్తే ఏ ఫైల్‌తోనైనా నడుస్తుంది.

బొమ్మ (ఇమేజ్) ఫైల్‌ని కాపీ చేసే ప్రోగ్రామ్‌లో మోడ్ పక్కన "బి" (బైట్లని మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు తీసుకోమనే బైనరీ గుర్తు) లేదు. మీ ల్యాబ్ లినక్స్ మీద ఉంది కాబట్టి తేడా తెలియదు. విండోస్‌లో అదే ప్రోగ్రామ్ నడిపితే, రాసేటప్పుడు 10 విలువ ఉన్న ప్రతి బైట్ ముందు ఒక 13 చేరుతుంది, చదివేటప్పుడు 26 విలువ ఉన్న బైట్ దగ్గరే ఫైల్ అయిపోయిందనుకుంటుంది. బొమ్మ పాడవుతుంది. అలాగే "తాజా ప్రమాణం ప్రకారం" అని మీ ప్రకటనలో ఉంది, పాఠంలో మాత్రం లైన్ చదివే పాత ఫంక్షన్ గెట్స్ వాడుతున్నారు. 2011 ప్రమాణంలో దాన్ని భాష నుంచే తీసేశారు.

ఇవన్నీ మీ సపోర్ట్ విభాగానికి రాశాను. వచ్చిన జవాబు రెండు ముక్కలు: ప్రోగ్రామ్‌లన్నీ మా ల్యాబ్‌లో నడుస్తున్నాయి, ఇది బిగినర్ కోర్సు కాబట్టి ఎర్రర్ల పరిశీలన అడ్వాన్స్‌డ్ కోర్సులో ఉంటుంది. ల్యాబ్‌లో చదవాల్సిన ఫైల్ ఎప్పుడూ ఉన్న చోటే ఉంటుంది, అనుమతి ఎప్పుడూ ఉంటుంది, డిస్క్ ఎప్పుడూ నిండదు. అక్కడ నడవడం దేనికీ రుజువు కాదు. రెండో మాట ఇంకా ఇబ్బందిగా ఉంది. డ్రైవింగ్ నేర్పేటప్పుడు బ్రేక్ సంగతి తర్వాతి కోర్సులో చెబుతామంటే ఎవరు ఒప్పుకుంటారు? పైగా మొదట చేతికి అలవాటైన నాలుగు లైన్లనే జీవితాంతం రాస్తారు. నేను రోజూ చూసే కోడ్‌లో ఆ అలవాటే కనబడుతోంది, దాన్ని మాన్పించడం నేర్పడం కంటే కష్టంగా ఉంది.

మా కోరికలు ఇవి. "డబ్ల్యూ" మోడ్‌తో ఫైల్ ఉందో లేదో చూసే ఆ ప్రోగ్రామ్‌ని వెంటనే తీసేయండి, మిగతావాటి కోసం ఆగొద్దు. ఎందుకంటే ఈ రోజు కూడా ఎవరో ఒకరు దాన్ని కాపీ చేసుకుంటూ ఉంటారు. ఇప్పటికే ఆ అధ్యాయం పూర్తి చేసిన వాళ్లందరికీ ఈ సంగతి మెయిల్ ద్వారా తెలియజేయండి. వీడియో కింద వివరణలో సవరణ రాస్తే ఎవరూ చదవరు. క్విజ్‌లో ఎఫ్‌గెట్‌సీ ప్రశ్నకు "ఇంట్" అని రాసిన వాళ్ల మార్కులు సరిచేసి, వాళ్ల సర్టిఫికెట్లలో మారిన స్కోరు చూపించండి. అధ్యాయంలోని ప్రతి ప్రోగ్రామ్‌కీ ఎఫ్‌ఓపెన్ తర్వాత నల్ పరీక్ష చేర్చండి. రాసే ప్రోగ్రామ్‌లలో ఎఫ్‌క్లోజ్ ఫలితం కూడా చూడండి, ఎందుకంటే బఫర్‌లో మిగిలిన డేటాని ప్రోగ్రామ్ బయటికి పంపేది అప్పుడే, డిస్క్ నిండిందన్న సంగతి కొన్నిసార్లు బయటపడేదీ అప్పుడే.

డబ్బు వాపసు నా మొదటి కోరిక కాదు. పాఠం సరిదిద్దితే మా కొత్తవాళ్లని మళ్లీ అదే కోర్సుకి పంపుతాను. సరిదిద్దే ఉద్దేశం లేకపోతే మాత్రం ఆ మాట రాతపూర్వకంగా చెప్పి, మేం తీసుకున్న అన్ని సీట్ల డబ్బూ తిరిగి ఇవ్వండి.

తప్పుగా నడిచే ప్రోగ్రామ్‌లు, వాటిని సరిచేసిన రూపాలు, చివరి లైన్ రెండుసార్లు కనబడే వీడియో భాగం స్క్రీన్‌షాట్, క్విజ్ ఫలితం కాపీ ఈ లేఖతో జత చేశాను. దయచేసి దీన్ని సపోర్ట్ విభాగానికి కాకుండా పాఠం తయారుచేసిన వారికే చూపించండి. జవాబు మా ఖాతాలో ఉన్న మెయిల్‌కి, పాత ఫిర్యాదు నంబర్ కిందే పంపండి. కొత్త నంబర్ తెరిస్తే ఇంతకుముందు రాసినవన్నీ మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వస్తోంది.

ఇట్లు,
మీ సి కోర్సు తీసుకున్న టీమ్ తరఫున,
కోడ్ రివ్యూ బాధ్యుడు

జత: ప్రోగ్రామ్ ఫైళ్లు, స్క్రీన్‌షాట్, క్విజ్ ఫలితం