ఆరెంజ్ ఆకాశం ఫోటో వేసి వదిలేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ఆస్తమా పేషెంట్‌ని. పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే అలవాటు. ఏడాదికి ఒకటి రెండుసార్లయినా విదేశీ వార్తల్లో ఒక ఫోటో వస్తుంది, ఏదో సిటీ మీద ఆకాశం మొత్తం నారింజ రంగులో ఉంటుంది, కింద రెండు లైన్లు, సహారా ఎడారి నుంచి దుమ్ము వచ్చింది అని. 2022 మార్చిలో స్పెయిన్, 2024 ఏప్రిల్‌లో ఏథెన్స్ అలాగే అయ్యాయి. ఫోటో చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఆ రెండు రోజులూ అక్కడ ఊపిరాడని వాళ్లు ఏం చేశారు, వాళ్లకి ముందే ఎవరైనా చెప్పారా లేదా అన్నది మాత్రం ఎవరూ రాయరు. నాకు కావాల్సింది అదేనండి.

చాలామంది ఎడారి తుఫాను అంటే ఎడారిలో ఉన్నవాళ్ల బాధే అనుకుంటారు. ఇసుక వరకూ అది నిజమే, బరువు కాబట్టి కొంచెం దూరం పోయి పడిపోతుంది. దాంతోపాటు లేచే సన్న దుమ్ము అలా కాదు, వేడెక్కిన గాలి దాన్ని నాలుగైదు కిలోమీటర్ల ఎత్తుకి మోసుకుపోతుంది, అక్కడ పెద్ద గాలుల్లో పడిందంటే రోజుల తరబడి కిందికి దిగదు. 2020 జూన్‌లో సహారా దుమ్ము అట్లాంటిక్ మొత్తం దాటేసి కరీబియన్ దీవుల్ని కమ్మేసి అమెరికాలో టెక్సాస్ దాకా వెళ్లింది. బార్బడోస్ దీవిలో జోసెఫ్ ప్రోస్పెరో అనే సైంటిస్ట్ 1965 నుంచి గాలిని ఫిల్టర్లలోంచి లాగి ఈ దుమ్ము కొలవడం మొదలుపెట్టారు, ఆ లెక్కలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి, ఆఫ్రికాలో సహారాకి దక్షిణ అంచున ఉన్న సాహెల్ ప్రాంతం కరువుతో అల్లాడిన ఏళ్లలో సముద్రానికి ఇవతల బార్బడోస్‌లో ఫిల్టర్ల మీద దుమ్ము బాగా పెరిగింది. అక్కడ పంట పోగొట్టుకున్న మనిషి ఎవరో, ఈ దీవిలో దగ్గుతున్న మనిషి ఎవరో, ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలీదు. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు మనసు బాగోలేదు.

ఇంకో విషయం, దుమ్ము వచ్చిన ప్రతిసారీ ఆకాశం రంగు మారదు. ఎక్కువసార్లు ఊరికే మసకగా ఉంటుంది, ఎండ కొంచెం తెల్లగా పాలిపోయినట్టు ఉంటుంది, అంతే. మామూలు మనిషికి కళ్లు మండుతాయి, గొంతు గరగరమంటుంది, సాయంత్రానికి మర్చిపోతారు. నాలాంటి వాళ్లకి మాత్రం ఛాతీ పట్టేస్తుంది, మెట్లెక్కలేం, రాత్రి పడుకుంటే ఆయాసం. కారణం తెలీక ఏం తిన్నామా, ఎక్కడ చల్లగాలి తగిలిందా అని వెతుక్కుంటాం. ముందే తెలిస్తే చేసేది పెద్ద పనేం కాదు, కిటికీలు మూసుకుంటాం, వాకింగ్ మానేస్తాం, బయటికి తప్పదంటే మంచి మాస్క్ పెట్టుకుంటాం, ఇన్హేలర్ జేబులో ఉందో లేదో చూసుకుంటాం. పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా సన్నగా ఉండే దుమ్ము ముక్కు దాటి లోపలికి పోతుంది, రెండున్నర మైక్రాన్ల లోపు ఉన్నది ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది, గుండె జబ్బు ఉన్నవాళ్లకి కూడా మంచిది కాదు. చిన్నపిల్లలు, వయసైనవాళ్లు సరేసరి.

మిగతా ఇబ్బందులు కూడా ఉన్నాయి లెండి. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి, వాన పడితే కార్ల మీద బురద చారలు, సోలార్ ప్యానెళ్ల మీద పొర కట్టి కరెంట్ తగ్గుతుంది. 2020 ఫిబ్రవరిలో కానరీ దీవుల్లో ఎయిర్‌పోర్టులే మూసేయాల్సి వచ్చింది. గోబీ ఎడారి వైపు నుంచి వచ్చే పసుపు దుమ్ము వల్ల 2002లో దక్షిణ కొరియాలో స్కూళ్లకి సెలవులిచ్చారు. దుమ్ము అంతా చెడ్డదే అని నేననడం లేదు, అమెజాన్ అడవికి ఏటా దాదాపు 22 వేల టన్నుల ఫాస్ఫరస్ సహారా దుమ్ములోనే అందుతుందని నాసా శాటిలైట్ లెక్కలతో తేల్చారు. ఎడారి ఉన్నంతకాలం దుమ్ము లేస్తుంది, దాన్నెవరూ ఆపలేరు.

కానీ మనిషి చేతులారా తయారుచేసిన దుమ్ము కూడా ఉంది కదా. మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రంలో కలిసే రెండు నదుల నీళ్లని పత్తి పొలాలకి మళ్లిస్తే సముద్రం చాలావరకు ఎండిపోయింది, ఇప్పుడు ఆ అడుగు నుంచి ఉప్పు, పురుగుమందులు కలిసిన దుమ్ము లేస్తోంది. అమెరికాలో 1930లలో గడ్డి నేలలు దున్నేశాక కరువొచ్చి మట్టి మొత్తం లేచిపోయింది, 1934 మేలో ఆ దుమ్ము న్యూయార్క్, వాషింగ్టన్ దాకా వచ్చింది, మరుసటి ఏడాదే భూసార రక్షణకి చట్టం చేశారు. రైతులు ఏళ్లుగా మొత్తుకున్నా కదలనివాళ్లు తమ కిటికీల మీద ఆ మట్టి చూశాక కదిలారని నాకు అనిపిస్తుంది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ప్రపంచ వాతావరణ సంస్థ 2007లోనే దుమ్ము తుఫాన్ల హెచ్చరికల కోసం ఒక ఏర్పాటు మొదలుపెట్టింది, బార్సిలోనాలోని సెంటర్ రాబోయే రోజుల్లో దుమ్ము ఎటు వెళ్తుందో మ్యాపులు ఇస్తోంది, అవి ఎవరైనా చూడొచ్చు. చూడొచ్చు అంటే చూస్తారని కాదు కదా, ఇంట్లో ఆయాసపడుతున్న పెద్దాయనకి ఆ మ్యాప్ ఎక్కడ దొరుకుతుంది, ఆయన చేతిలో ఉండేది పేపరే. వాతావరణం కాలమ్‌లో ఎండ ఎంత, వాన ఎంత అని వేస్తున్నారు, దాని పక్కనే దుమ్ము వచ్చే అవకాశం ఉందా లేదా, ఉంటే ఎన్ని రోజులు అని ఒక్క లైను వేయండి. జులై 12న దుమ్ము తుఫాన్ల మీద ఐక్యరాజ్యసమితి వాళ్ల అంతర్జాతీయ దినం ఉంది, ఆ రోజుకైనా ఒక ఊపిరితిత్తుల డాక్టర్‌తో అలాంటి రోజుల్లో ఏం చేయాలో రాయించండి. రాయిస్తే ఆ పేజీ కట్ చేసి మా మందుల డబ్బాలో పెట్టుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు