సలేశ్వరానికి రోడ్డు వద్దు, రోజుకు కొందరికి దారి ఇవ్వండి

సంపాదకుడి గారికి,

చైత్ర పౌర్ణమి దగ్గరపడిందంటే చాలు, నల్లమల అడవి లోయలో ఉన్న శివుడి గుహ గుడి సలేశ్వరం గురించి ఏటా ఒకటే గొడవ. జాతర మూడు రోజులు సరిపోదు, పెంచాలని భక్తులు అంటారు. పులుల అభయారణ్యంలో అంతకంటే కుదరదని అటవీ శాఖ అంటుంది. చివరికి ఏడాదంతా వెళ్లాలనుకున్న వాళ్లందరూ ఆ మూడు రోజుల్లోనే లోయ మీద పడతారు.

ఆ లోయ చూసిన వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మట్టిదారిలో అడవి లోపలికి చాలా దూరం పోయి, బండి దిగి, నాలుగైదు కిలోమీటర్లు రాళ్ల మీద నడవాలి. చివర బాట సన్నబడి, ఒక పక్క నిలువు బండ, మరో పక్క లోతు. "వస్తున్నం లింగమయ్యా" అంటూ దిగేవాళ్లు, "పోతున్నం లింగమయ్యా" అంటూ ఎక్కేవాళ్లు అక్కడే ఎదురుపడతారు. ఏప్రిల్ ఎండ, ఊపిరాడని రద్దీ, చంకలో పిల్లలు. 2023 జాతరలో భక్తుల ప్రాణాలు కూడా పోయాయి. గుండంలో నీళ్లు తలకు చల్లుకుని, గుహలో లింగాన్ని చూసేలోపే వెనకనుంచి తోపు. అంత దూరం వెళ్లి నిలబడి చూసిందెంత అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

గుడికట్టులో పాత పెద్ద ఇటుకల వరసలు ఉన్నాయి. వాటిని చరిత్రకారులు ఇక్ష్వాకుల కాలం దాకా తీసుకెళ్తారు. వాటి ముందు ఒక్క నిమిషం ఆగే వీలు జాతరలో లేదు. ఆనుకునే చేతులు, అంటుకునే పసుపు కుంకుమలు మాత్రం వేలల్లో.

దీనికి మందు రోడ్డే అనే మాట ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది. మెట్లు, రెయిలింగులు, కుదిరితే రోప్‌వే కూడానట. దిగే చోట రెయిలింగు వేస్తామంటే కాదనను, అది ప్రాణాల విషయం. రోడ్డు సంగతి వేరు. రోడ్డు పడ్డాక దుకాణాలు, పార్కింగు, లాడ్జీలు రాకుండా ఆగిన కొండ మన రాష్ట్రంలో ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే సంతోషిస్తాను. ఎండాకాలంలో నీళ్లు నిలిచే కొద్ది చోట్లలో సలేశ్వరం ఒకటి. జంతువులకూ అదే దిక్కు.

నేను అడిగేది వేరు. జాతరను అలాగే ఉంచండి. దాంతోపాటు వానలు వెలిశాక, నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు, రోజుకు కొద్దిమందిని ముందస్తు బుకింగుతో, కాలినడకన, చెంచు గైడ్ల వెంట లోపలికి పంపండి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కేరళలో 1,868 మీటర్ల అగస్త్యార్‌కూడం కొండకు అక్కడి అటవీ శాఖ ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే, రోజుకు సుమారు 100 మంది లెక్కన ట్రెక్కింగుకు అనుమతి ఇస్తుంది. అదే రాష్ట్రంలో పెరియార్ పులుల అభయారణ్యంలోని మంగళాదేవి గుడి ఏడాదికి ఒక్క రోజే తెరుస్తారు. ఆ రోజు కూడా చిత్రా పౌర్ణమే, మన జాతర పౌర్ణమే. అక్కడ ప్లాస్టిక్ లోపలికి పోనివ్వరు. ఒకప్పుడు పెరియార్ అడవిలో దొంగతనంగా దాల్చిన చెట్ల బెరడు వలిచిన వాళ్లే ఇప్పుడు పర్యాటకులను వెంటబెట్టుకుని తిప్పుతున్నారు, అడవిని కాపలా కాస్తున్నారు. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు? మన్ననూరు నుంచి సఫారీ బండ్లు నడుపుతూనే ఉన్నారు కదా. డబ్బు కట్టి జీపులో తిరిగేవాడికి ఉన్న దారి, నడిచి లింగమయ్యను చూసి వస్తాననేవాడికి లేకపోవడం నాకు అర్థం కాదు.

చెంచుల మాట చెప్పకుండా సలేశ్వరం మాట చెప్పలేం. అక్కడ పూజారులు వాళ్లే. జాతరలో వాళ్ల చేతికి వచ్చేది ఆ కొద్ది రోజుల కానుకలే. ఒకవైపు పులుల కోసమని పెంటలు, అంటే అడవిలోని చెంచుల చిన్న ఊళ్లు, ఖాళీ చేయించాలనే ప్రయత్నాలు, మరోవైపు నగరం నుంచి వచ్చేవాళ్లకు సఫారీలు. ఈ లెక్క ఎంత విన్నా నాకు మింగుడు పడదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన స్థానం కాగితం మీదిది మాత్రమే కాకూడదు. కాబట్టి రోజుకు ఎంతమంది, ఏ బాటన, ఏ రోజుల్లో వద్దు అన్నవి ముందు పెంటల్లో కూర్చుని తేల్చాలి. గైడ్ల ఫీజు నేరుగా వాళ్ల చేతికే పోవాలి. వాళ్లు వద్దంటే ఆ ఏడాది వద్దు.

కొద్దిమందికే అనుమతి అంటే పైరవీలున్న వాళ్లకే దొరుకుతుందని ఒక అనుమానం ఉంది. అది న్యాయమైన అనుమానమే. వీఐపీ కోటా పెట్టకుండా, పేర్లు లాటరీ తీసి బోర్డు మీద పెడితే సగం తగ్గుతుంది. మిగతా సగం సంగతి మీ విలేకరులు చూసుకోగలరు. నడవలేని పెద్దవాళ్ల మాటేమిటి అని కూడా అడుగుతారు. జాతరలో వాళ్లు పడే అవస్థతో పోలిస్తే, చల్లటి నెలల్లో, ఖాళీ బాటలో, చేయి పట్టుకునే మనిషి వెంట దిగడమే వాళ్లకు తేలిక. అప్పటికీ కొందరు దిగలేరు, నిజమే. దానికని లోయను బస్టాండు చేయలేం.

అభయారణ్యాన్ని ఎలాగూ జులై నుంచి సెప్టెంబర్ వరకు మూసేస్తారు. ఆ మూడు నెలల్లో అటవీ శాఖ, గిరిజన సంక్షేమ శాఖ పెంటల్లో సమావేశాలు పెట్టి, ఒక చలికాలం పాటు ప్రయోగంగా నడిపి, ఎంతమంది వచ్చారో, ఎంత చెత్త పోగైందో, చెంచులకు ఎంత ముట్టిందో బయటపెట్టాలి. జాతర రోజులు పెంచాలా వద్దా అనే చర్చ ఆ లెక్కలు చేతికొచ్చాక చేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నాగర్‌కర్నూల్ జిల్లా