మంత్రి గారూ, ల్యాబ్ కట్టేముందు గాలి లెక్క చూడండి

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, కాకుటూరులోని మా విక్రమ సింహపురి యూనివర్సిటీలో గ్రీన్ కెమిస్ట్రీ (విషపదార్థాలు, వ్యర్థాలు తగ్గించే కెమిస్ట్రీ) స్టార్టప్‌ల కోసం ఒక ల్యాబ్ బిల్డింగ్ కట్టించండి. ఇక్కడే ఎందుకంటే ముడిసరుకు మా చుట్టూనే ఉంది: రొయ్యల ప్లాంట్లలో మిగిలే తలలు, పెంకులు, రైస్ మిల్లుల ఊక, పొదలకూరు వైపు నిమ్మకాయలు. పెంకుల నుంచి మందుల్లో, నీళ్ల శుద్ధిలో వాడే కైటోసాన్, ఊక బూడిద నుంచి సిలికా తీయొచ్చు, నిమ్మతొక్క నూనెలోని లిమోనీన్‌ని కొన్ని పెట్రోలియం సాల్వెంట్లకి (పదార్థాల్ని కరిగించే ద్రవాలకి) బదులు వాడొచ్చు. ఎమ్మెస్సీ చేసి హైదరాబాద్ ఫార్మా కంపెనీలకి వెళ్లిపోయే మా పిల్లల్లో కొందరైనా ఇక్కడే ఉంటారు.

కానీ ముందువైపంతా అద్దాలు బిగించి, పైన సోలార్ ప్యానెళ్లు వేసేసి గ్రీన్ బిల్డింగ్ అంటే మాత్రం ఒప్పుకోలేం. కెమిస్ట్రీ ల్యాబ్‌లో కరెంటు ఎక్కువగా గాలికే పోతుంది. ఫ్యూమ్ హుడ్ ఉంటుంది కదా, విషవాయువులు లాగేసే అద్దాల పెట్టె, మీటరున్నర వెడల్పున్న హుడ్ తలుపు అడుగున్నర ఎత్తి సెకనుకి అర మీటరు వేగంతో గాలి లాగితే గంటకి సుమారు 1200 ఘనపు మీటర్లు బయటికి పోతుంది, అంటే పదికి పన్నెండడుగుల గదిలో గాలంతా గంటకి 35 సార్లు ఖాళీ అయినట్టు. అదంతా ఏసీతో చల్లబరిచిన గాలి, మళ్లీ లోపలికి తిప్పడానికి వీల్లేదు. రోహిణి కార్తె ఎండలో, సముద్రం పక్క ఉక్కలో, ఆ గాలిలో తేమ తీసి చల్లబరచడానికి ఎంత బిల్లవుతుందో, అద్దె కట్టుకోలేని స్టార్టప్ కుర్రాళ్ల మీద అదెంత భారమో ఆలోచించండి. అందుకే తలుపు దించగానే గాలి తగ్గిపోయే హుడ్‌లు పెట్టండి, నిజంగా ఎన్ని కావాలో ముందే లెక్కేయండి, రాసుకునే గదుల్ని ల్యాబ్ నుంచి విడగొట్టి కిటికీలు తెరుచుకునేలా కట్టండి. గోడలకి కృష్ణపట్నం థర్మల్ బూడిదతో చేసిన ఇటుకలు వాడొచ్చు.

నీళ్ల సంగతీ అంతే. రిఫ్లక్స్ కండెన్సర్‌కి, అంటే మరిగే ద్రవం ఆవిరిని చల్లబరిచే గాజు గొట్టానికి, కుళాయి నీళ్లు నిమిషానికి లీటరు చొప్పున వదిలినా ఎనిమిది గంటల్లో 480 లీటర్లు డ్రైనేజీ పాలు. నీళ్లని చల్లబరిచి తిరిగి వాడుకునే చిల్లర్ లైన్ బెంచీల దాకా వేస్తే ఈ వృథా ఉండదు.

అన్నిటికంటే నాకు టెన్షన్ మురుగు గురించే. కైటోసాన్ తీయాలంటే మామూలుగా పెంకుల్ని యాసిడ్‌లో, తర్వాత కాస్టిక్ సోడాలో నానబెట్టాలి. ఆ నీళ్లు మామూలు డ్రైన్లో కలిస్తే అది గ్రీన్ కెమిస్ట్రీ ఎలా అవుతుంది? చుట్టుపక్కల పొలాలు, చెరువులు ఉన్నాయి సార్. ల్యాబ్ సింకులకి వేరే పైపు, దాని చివర యాసిడ్, కాస్టిక్ ఘాటుని విరిచే న్యూట్రలైజేషన్ ట్యాంకు మొదటి ప్లాన్‌లోనే ఉండాలి, తర్వాత తవ్వి పెట్టడం కుదరదు.

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీ ఇలాంటి కార్బన్ న్యూట్రల్ (మొత్తం మీద గాలిలో కార్బన్ పెంచని) ల్యాబ్‌ని చెక్కతో కడుతుండగా 2014లో కాలిపోయింది, వాళ్లు మళ్లీ కట్టి 2017లో తెరిచారు. మనకి చెక్క బిల్డింగే కావాలని కాదు, ఆ పట్టుదల కావాలి.

టెండర్ పిలిచే ముందు మా ల్యాబ్ బిల్డింగ్ డ్రాయింగ్‌ని రోజూ హుడ్ ముందు నిలబడే రీసెర్చ్ స్కాలర్లకి, ల్యాబ్ అటెండర్లకి ఒకసారి చూపించమని యూనివర్సిటీకి చెప్పండి. వాళ్లు అడిగే మార్పులు కాగితం మీద ఉన్నప్పుడే చేయించండి.

ఇట్లు,
నెల్లూరు జిల్లా కెమిస్ట్రీ అధ్యాపకుడు