మంత్రి గారూ, ఆ ఖాళీ బోర్డు మీద యశోదారెడ్డి గారి పేరు రాయించండి

గౌరవనీయులైన మంత్రి గారికి కర్నూలు నుంచి నమస్కరించి రాయునది.

నేను ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు సోషల్ చెప్పి రిటైరైన దాన్ని. మా ఊళ్లో ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ల కోసం కట్టిన కొత్త హాస్టలుకు, 1962లో మన కర్నూలు ఎంపీగా గెలిచిన యశోదారెడ్డి గారి పేరు పెట్టమని రెండేళ్లలో ఐదు అర్జీలు ఇచ్చుకున్నాను. ఐదు రసీదులూ బీరువాలో దాచాను. మొదటి దాని మీద అక్షరాలు అప్పుడే వెలిసిపోయాయి.

మూడోసారి పోయినప్పుడు జరిగింది మీకు చెప్పాలి. పొద్దున తొమ్మిదికి క్యూలో నిలబడితే నా వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అక్కడున్న అధికారి సెల్లులో ఆ పేరు కొట్టి చూసి, "ఈమె రచయిత్రి కదా మేడమ్, తెలంగాణామె. మన కర్నూలుకు ఏం సంబంధం?" అని ఫోను నా వైపు తిప్పినాడు. అదే పేరున్న వేరే ఆవిడ ఫొటో అది. ఆ తల్లి గొప్పదే, కాదనను. నేను అడిగేది 1962లో కర్నూలు నుంచి లోక్‌సభకు గెలిచిన యశోదారెడ్డి గారి గురించి నాయనా అని చెప్పి, అక్కడే నిలబడి కాగితం వెనకాల రాసిచ్చి వచ్చాను. నెల తిరక్కముందే మెసేజ్ వచ్చింది: "మీ అర్జీ పరిష్కరించబడింది."

నిజమేననుకున్నాను సార్. ఆ సాయంత్రమే ఆటో కట్టించుకుని పోయి చూశాను. గేటు మీద ఇనప బోర్డుకు తెల్లరంగు కొట్టి వదిలేశారు, ఒక్క అక్షరం లేదు. ఎండకు ఆ రంగు కూడా ఒక మూల పెచ్చులూడి కింది తుప్పు కనబడుతోంది. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

తర్వాత ఇచ్చిన రెండింటికీ "ఫైలు పైకి పోయింది" అన్నారు. పైన అంటే మీరే కదా. అందుకే ఈ ఉత్తరం.

1962 అంటే పంచాయతీల్లో కూడా ఆడవాళ్లకు మూడోవంతు సీట్లు లేని రోజులు. లోక్‌సభలో మూడోవంతు ఇవ్వాలనే చట్టం 2023 దాకా రానేలేదు. అట్లాంటి కాలంలో మన సీమలో ఒక ఆడమనిషి నిలబడి, ఓట్లడిగి, గెలిచి ఢిల్లీకి పోయింది. ఆవిడ తర్వాత కర్నూలు నుంచి లోక్‌సభకు ఇంకో మహిళ, బుట్టా రేణుక గారు, గెలిచింది 2014లో. మధ్యలో 52 ఏళ్లు! నేను పనిచేసే రోజుల్లో ఈ లెక్క క్లాసులో నల్లబోర్డు మీద వేసి చెప్తే వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, "ఆమె బొమ్మ యాడుంది టీచర్?" అని అడిగింది. ఊరంతా తలుచుకున్నాను. చూపించడానికి నాకు ఒక విగ్రహం గానీ, ఒక వీధి పేరు గానీ తోచలేదు. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఏ పార్టీ అని కూడా ఒకరు అడిగారు. కాంగ్రెస్సే. అయితే ఏమి? రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు ఢిల్లీలో మెట్రో స్టేషనుకు పెట్టుకున్నారు. తెలుగు రాని వాళ్లు కూడా రోజూ ఆ పేరు పలుకుతున్నారు. మన ఊరి ఆవిడ పేరు మన ఊళ్లో పలికించుకోలేమా? ఆటో ఎక్కి రాజ్‌విహార్ అన్నట్టే రేపు ఆడపిల్లలు "యశోదారెడ్డి హాస్టల్‌కు పోనీయన్నా" అనాలి. అంతకు మించి నేను అడిగేది లేదు.

దయచేసి ఆ ఫైలు తెప్పించుకోండి. వేరే పేరు పెట్టాలని ఎవరైనా మీ దగ్గరికొస్తే, ముందు నా ఐదు అర్జీలు ఒకసారి చదవండి. జీవో ఒక్కటి ఇప్పించండి సార్. రంగు డబ్బా, పెయింటర్ కూలి నా పింఛనులోంచి నేనే ఇచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డు టీచరమ్మ,
కర్నూలు